ఏ ఊరప్పా మీది?



కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలో ముప్పై ఏళ్ళు బడిపంతులుగా పనిచేసినవాణ్ణి నేను. నగరాల్లో రోడ్డు పక్కన పడుకునేవాళ్ళ గురించి, కూడళ్ళలో చెయ్యి చాచేవాళ్ళ గురించి, వాళ్ళమీద పడే మన చూపు గురించి ఈ పూట మాట్లాడదామని వచ్చాను. పల్లెటూరి పంతులుకు పట్నం ఫుట్‌పాత్‌తో ఏం పనని అనుకోకండి. మా బడి హాజరు పట్టీ తెరిస్తే ఆ ఫుట్‌పాత్ అందులోనే కనబడుతుంది.

దీపావళి దాటి, వేరుశనగ పీకడం అయిపోయాక, పేర్లు పిలుస్తుంటే పలికే గొంతులు రోజురోజుకీ తగ్గుతూ వచ్చేవి. ఒక పేరు పిలిస్తే చప్పుడుండదు. రెండోసారి పిలిస్తే ముందు వరసలోంచి ఎవరో ఒక పిల్లో పిల్లోడో, "సుగ్గికి పోయినారు సార్" అనేవారు. నేను సున్న చుట్టేవాణ్ణి. సంక్రాంతి వచ్చేసరికి పట్టీ నిండా సున్నలే. వీధిలోకి వెళ్తే వరసగా తాళాలు. అరుగుల మీద అవ్వలు, తాతలు, వాళ్ళ ఒళ్ళో చంటిపిల్లలు. తుగ్గలి, పత్తికొండ, మద్దికెర, దేవనకొండ, ఆలూరు వైపు ఊళ్ళైనా, ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు వైపు ఊళ్ళైనా చలికాలంలో ఇదే కథ.

సుగ్గి అనే మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. పక్కనున్న కన్నడసీమలో సుగ్గి అంటే పంట ఇంటికొచ్చే కాలం. గాదెలు నిండే కాలం, పాటలు పాడుకునే కాలం. అదే మాట మా దగ్గరికొచ్చేసరికి, ఇంకొకరి పంట కోయడానికి ఇల్లు విడిచి పోవడం అయింది. సరిహద్దు దాటి నాలుగు కోసులు నడిచేలోపు పండగ మాట కాస్తా తాళంకప్ప అయిపోయింది. మా నేలలు వానమీద బతికేవి. వాన వస్తే వేరుశనగ, పత్తి, కంది, ఆముదం. రాకపోతే అప్పు. వచ్చినా ధర లేకపోతే అప్పే. పత్తికొండ మార్కెట్టుకు తెచ్చిన టమోటాకు బండి కిరాయి కూడా రాక, రైతులు రోడ్డు పక్కన పారబోసి పోయిన రోజులు నేను చూశాను. ఆ టమోటాలు ఎర్రగా రోడ్డుమీద నలిగిపోతున్న నాడే, సాయంత్రం గుంపు మేస్త్రి ఊళ్ళోకి వచ్చి అడ్వాన్సు లెక్కపెట్టేవాడు.

గుంటూరు వైపు మిరప తోటలకు కొందరు, తెలంగాణలో పత్తి తియ్యడానికి కొందరు, బెంగళూరులో బేల్దారి పనికి కొందరు, హైదరాబాదుకు, ముంబైకి మరికొందరు. గుంతకల్లు నుంచి డోన్ పోయే రైలు మార్గం మీద మా తుగ్గలి స్టేషను చాలా చిన్నది. సుగ్గి రోజుల్లో మాత్రం దాని నిండా మూటలే. జొన్నపిండి మూట, రెండు సట్లు, ఒక బొంత, మడిచిన నీలం పట్ట. ఆ నీలం పట్టే వాళ్ళకు రాబోయే నాలుగు నెలల ఇల్లు.

ఇక నా కథ ఒకటి చెబుతాను. చాలా ఏళ్ళ కిందట ఒక జనవరిలో బంధువుల ఇంట పెళ్ళికని గుంటూరు వెళ్ళాను. రాత్రి రైలు దిగి స్టేషను బయటికి వచ్చేసరికి, గోడ వారగా ఒక యాభై మంది పడుకొని ఉన్నారు. దుప్పట్లు చాలక పిల్లల్ని మధ్యలో పెట్టుకొని ముడుచుకున్నారు. నా వెంట ఉన్న పెద్దమనిషి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకొని, "ఎక్కడ చూసినా ఈ అడుక్కునేవాళ్ళే" అన్నాడు. నేను మారు మాట్లాడలేదు. ఒక పదేళ్ళ పిల్ల నిద్రపట్టక గోడకు ఆనుకొని కూర్చొని మావైపే చూస్తోంది. జాలేసి జేబులోంచి పది రూపాయల నోటు తీసి ఆ పిల్ల ఒళ్ళో పెట్టబోయాను. ఆ పిల్ల చెయ్యి వెనక్కి లాక్కుంది.

"మేము అడుక్కునేటోళ్ళం కాదు సార్. సుగ్గికొచ్చినాము."

ఆ యాస మాది. ఆ పిల్ల మా మండలం పిల్లో, పక్క మండలం పిల్లో నాకు తెలియదు. అడిగితే తెలిసేది. నేను అడగలేదు. నా పక్కనున్న పెద్దమనిషి ముందు వీళ్ళు మావాళ్ళని చెప్పుకోవడానికి సిగ్గుపడి, నోటు జేబులో పెట్టుకొని ఆటో ఎక్కాను.

తర్వాత చాలా ఏళ్ళు ఈ సంగతిని సభల్లో, ఉపాధ్యాయుల శిక్షణ తరగతుల్లో చెప్పేవాణ్ణి. వలస కూలీ వేరు, బిచ్చగాడు వేరు, ఆ తేడా మనకు తెలియాలి, కష్టపడి బతికే మనిషిని అడుక్కునేవాడిలా చూడకూడదు, ఇదీ నా ప్రసంగం. జనం చప్పట్లు కొట్టేవారు. నాకూ బాగానే ఉండేది.

ఆ ప్రసంగం మానుకున్న రోజు కూడా గుర్తుంది. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి దర్శనం చేసుకొని, తుంగభద్ర ఒడ్డుకు నడుస్తున్నాను. దారికి అటూ ఇటూ పళ్ళేలు పెట్టుకొని కూర్చున్నవాళ్ళలో ఒకాయన, నేను దగ్గరికి వస్తుంటే తువ్వాల తీసి ముఖమ్మీద కప్పుకున్నాడు. కాలు చూసి గుర్తుపట్టాను. మాకు తెలిసిన ఊరాయనే. బెంగళూరులో అపార్టుమెంటు కడుతుంటే పరంజా మీదనుంచి పడి కాలు విరిగింది. మేస్త్రి ఆసుపత్రికి మొదటి రోజు తీసుకుపోయాడు, రెండో రోజు బస్సు చార్జీలిచ్చాడు, మూడో రోజునుంచి ఫోన్ ఎత్తలేదు. ఇంట్లో కొన్నాళ్ళు, కూతురి ఇంట్లో కొన్నాళ్ళు గడిపి, ఎవరికీ బరువు కాకూడదని ఇక్కడికి వచ్చి కూర్చున్నాడు. ఇరవై ఏళ్ళు సుగ్గికి పోయిన మనిషి. ఆయన్ని గుంటూరులో ఆ పిల్లవైపు నిలబెట్టాలా, లేక ఈ పళ్ళెం వైపు కూర్చోబెట్టాలా? నేను గీసిన గీత ఆయన విరిగిన కాలి మీదుగా పోతోంది. ఆనాటి నుంచి ఆ తేడా గురించి ప్రసంగం చెయ్యలేకపోయాను.

మనం సులభంగా అంటాం, పని చేసుకొని బతకొచ్చు కదా అని. పళ్ళెం ముందు కూర్చున్నవాళ్ళను కాసేపు పలకరించి చూడండి. చాలామంది పని చేసి చేసి అక్కడికి వచ్చినవాళ్ళే. కళ్ళు పోయిన నేతగాడు, నడుం పడిపోయిన హమాలీ, భర్త పోయాక పొలం మరుదులు రాయించుకుంటే వీధిన పడ్డ ఇల్లాలు, మతి స్థిమితం తప్పి దారి మరిచిపోయిన ఏ తల్లి బిడ్డో. కొందరికి తాగుడు ఉంది, అది కాదనను. మేడల్లో ఉన్నవాళ్ళకూ ఉంది. వాళ్ళకు జీతం ఇచ్చేటప్పుడు తాగుతారేమోనని ఎవరూ ఆపి ఉంచుకోరు. పిల్లల్ని ఎత్తుకొచ్చి, అవిటివాళ్ళను చేసి అడుక్కునేలా చేసే ముఠాలు ఉన్నాయన్నదీ నిజమే. అది ఘోరమైన నేరం. దానికి మన శిక్షాస్మృతిలో ప్రత్యేకంగా సెక్షను ఉంది. పాత భారత శిక్షాస్మృతిలో 363ఎ, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 139. శిక్ష పడాల్సింది ముఠాకు. కానీ మనం ముఠా మాట ఎత్తేది సాధారణంగా ఆ ముఠాను పట్టించడానికి కాదు, కారు అద్దం దించకుండా ఉండడానికి.

చట్టం సంగతికి వస్తాను. ఇక్కడ నాకు మన సామెతే గుర్తొస్తుంది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు. భిక్షాటన నేరమనే ఆలోచన మనది కాదు. 1824లో ఇంగ్లండులో వేగ్రన్సీ చట్టం వచ్చింది. నెపోలియన్ యుద్ధాలు ముగిశాక పనీ గూడూ లేక సిపాయిలు వీధుల్లో తిరుగుతున్న కాలమది. యుద్ధానికి పనికొచ్చినవాళ్ళు వీధిలో కనబడితే దేశానికి నామోషీ అయింది. ఆ ఆలోచనే నడుచుకుంటూ మన పుస్తకాల్లోకి వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక 1959లో బొంబాయి రాష్ట్రం చేసిన చట్టం ప్రకారం, బహిరంగ స్థలంలో పాడినా, ఆడినా, జోస్యం చెప్పినా, దానికి పైసలు అడిగితే భిక్షాటనే. బతుకుదెరువు ఏమీ కనబడకుండా తిరుగుతున్నా భిక్షాటనే. మొదటిసారి పట్టుబడితే మూడేళ్ళ దాకా, మళ్ళీ మళ్ళీ పట్టుబడితే పదేళ్ళ దాకా నిర్బంధించవచ్చు. ఆంధ్రప్రదేశ్‌కూ 1977లో భిక్షాటన నివారణ చట్టం వచ్చింది. ఆ బొంబాయి చట్టం కొలతతో చూస్తే మా ఊళ్ళకొచ్చే బుడబుక్కలాయన నేరస్తుడు, గంగిరెద్దులాయన నేరస్తుడు, ధనుర్మాసంలో చిడతలు వాయించే హరిదాసు నేరస్తుడు. గుంటూరు స్టేషను బయట కూర్చున్న ఆ పిల్ల, చేతిలో పలుగూ పారా లేదు కాబట్టి, బతుకుదెరువు కనబడనిదే కదా.

2017 నవంబరు 8 నుంచి రెండు నెలలపాటు హైదరాబాదులో భిక్షాటన నిషేధమని నగర పోలీసు కమిషనరు ఉత్తర్వు ఇచ్చారు. ఆ నెల 28 నుంచి 30 దాకా అక్కడ ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు. అమెరికా అధ్యక్షుడి కూతురు ఇవాంకా ట్రంప్ వస్తున్నారు. కూడళ్ళలో ఉన్నవాళ్ళను వాహనాలెక్కించి చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ళ ప్రాంగణాల్లోని ఆశ్రమాలకు తరలించారు. బిచ్చగాడి ఆచూకీ చెబితే అయిదు వందల రూపాయల బహుమతి అని జైళ్ళ శాఖ ప్రకటించింది. 2000 సంవత్సరంలో అప్పటి అమెరికా అధ్యక్షుడు క్లింటన్ వచ్చినప్పుడూ ఇలాగే చేశారని అప్పుడు పత్రికలు గుర్తుచేశాయి. ఇల్లు శుభ్రం చేసేటప్పుడు చెత్తను మూలకు నెట్టి పైన చాప కప్పినట్టు. కానీ చాపకింద ఉన్నది మనుషులు.

ఆశ్రమంలో అన్నం పెట్టారు, బట్టలిచ్చారు, కొందరికి వైద్యమూ అందిందంటారు. దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ ఒక మనిషికి అన్నం పెట్టాలంటే ముందు అతన్ని పట్టుకోవాలా? అడిగి తీసుకుపోకూడదా?

అవే రోజుల్లో, ఆ 2017 డిసెంబరులో, మా తుగ్గలి మండలంలోనూ ఒక పెద్ద సందడి. చెన్నంపల్లి కోటలో గుప్తనిధి ఉందని ప్రభుత్వ గనుల శాఖ ఆధ్వర్యంలో తవ్వకాలు మొదలయ్యాయి. పోలీసు కాపలా, యంత్రాలు, టీవీ కెమెరాలు. కోట చుట్టుపక్కల ఊళ్ళలో సగం ఇళ్ళకు తాళాలున్నాయి, వాళ్ళంతా మిరప తోటల్లో పట్టల కింద ఉన్నారు. ఆ తాళాల మీదికి ఏ కెమెరా తిరగలేదు. నిధి దొరకలేదు. మార్చి, ఏప్రిల్‌లో మావాళ్ళు ఎర్రబడ్డ చేతులతో తిరిగొచ్చి తాళాలు తీసుకున్నారు.

కోర్టులు మాత్రం కొంత మేలు మాట చెప్పాయి. 2018 ఆగస్టు 8న ఢిల్లీ హైకోర్టులో జస్టిస్ గీతా మిట్టల్, జస్టిస్ సి.హరిశంకర్ల ధర్మాసనం, ఢిల్లీలో అమలవుతున్న బొంబాయి చట్టంలో భిక్షాటనను నేరంగా చూసే సెక్షన్లను కొట్టేసింది. సర్కారు తిండి, గూడు చూపించలేక, ఆకలితో చెయ్యి చాచినవాణ్ణి జైల్లో పెట్టడం రాజ్యాంగానికి ఒప్పదన్నది దాని సారం. 2019లో జమ్మూకాశ్మీర్ హైకోర్టు కూడా ఆ దారే నడిచింది. 2021 జులైలో, కోవిడ్ వ్యాప్తి చెందుతుంది కాబట్టి కూడళ్ళలో అడుక్కోవడం ఆపించమని ఒకరు సుప్రీంకోర్టుకు వెళ్తే, జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ ఎం.ఆర్.షా అలాంటి ఉన్నత వర్గపు చూపుతో తాము చూడలేమన్నారు. చదువూ పనీ లేకే వీధికి వస్తారు, వాళ్ళకు టీకాలు వేయించండి, పునరావాసం చూడండి అన్నారు. చూపు అనే మాట అక్కడా వచ్చింది చూడండి.

2011 జనాభా లెక్కల్లో యాచకులు, దేశదిమ్మరులని రాసుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 4,13,670 మంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 30,218. ఇల్లు లేనివాళ్ళు దేశంలో దాదాపు 17 లక్షల 70 వేలు. మరి లెక్క రాసేవాళ్ళు ఫిబ్రవరిలో వచ్చారు. మా తుగ్గలి వాళ్ళు ఫిబ్రవరిలో ఎక్కడుంటారు? వాళ్ళకు ఊళ్ళో ఇల్లుంది, తాళం ఉంది. కాబట్టి వాళ్ళు ఇల్లు లేనివాళ్ళు కారు. నాలుగు నెలలు పట్ట కింద పడుకున్నా కారు.

చట్టాల సందుల్లో జారిపోవడం మావాళ్ళకు అలవాటే. వలస కూలీల రక్షణకు 1979లో కేంద్రం చట్టం చేసింది. దానిలో ప్రయాణ భత్యం ఉండేది, వసతి ఉండేది, కాంట్రాక్టరుకు బాధ్యత ఉండేది. కానీ అది రాష్ట్రం దాటిపోయే వాళ్ళ కోసం చేసిన చట్టం. తుగ్గలి నుంచి గుంటూరు ఎంత దూరమైనా ఒకే రాష్ట్రం. కాబట్టి ఆ చట్టం దృష్టిలో బెంగళూరుకు పోయే అన్న వలస కూలీ, గుంటూరుకు పోయే తమ్ముడు ఏమీ కాడు. నగరాల్లో ఇల్లు లేనివాళ్ళ కోసం రాత్రి వసతి గృహాలు ఉండాలని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. పట్టణ జీవనోపాధి మిషన్ కింద 2013లో పథకమూ వచ్చింది. లక్ష జనాభాకు ఒకటి చొప్పున, యాభై నుంచి వంద మందికి సరిపడా గృహం ఉండాలన్నారు. మంచి పథకం. ఒంటరి మగవాడికి, ముసలాయనకు అది నిజంగా ఆసరా. కానీ పెండ్లాం, ముగ్గురు పిల్లలు, సట్లు, మూటలతో దిగిన కుటుంబం అక్కడ ఎలా సర్దుకుంటుంది? ఆడవాళ్ళ గది వేరు, మగవాళ్ళ గది వేరంటే పొద్దున్నే మేస్త్రి వచ్చేసరికి అందరూ ఒకచోట ఉండడం ఎట్లా? అందుకే వాళ్ళు స్టేషను గోడను ఎంచుకుంటారు. మనం దాన్ని మొరటుతనం అనుకుంటాం.

మేలు చేసినదాన్ని మేలనే చెప్పాలి. మా మండలాల్లో వలసపోయే వాళ్ళ పిల్లల కోసం సీజనల్ హాస్టళ్ళు పెట్టారు. బడిలోనే రాత్రిళ్ళు పడక, రెండు పూటలా అన్నం, పిల్లోళ్ళు చదువు మానకుండా ఉంటారు. ఒక ఏడాది మా బడిలో నడిచింది. పొద్దున తరగతి గది, రాత్రి అదే పడకగది. ఒక రాత్రి రెండో తరగతి పిల్లోడు నిద్రలో లేచి కూర్చొని, "మా అమ్మ యాడ పండుకుంటాది సార్?" అన్నాడు. చేలో అని చెప్పాను. "చేలో పాములుండవా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ పిల్లోడు మాత్రం ఆ ఏడాది బడి మానలేదు. ఇప్పుడు వాడు మోటారు మెకానిక్కు, సుగ్గికి పోడు. అలాంటి హాస్టలు నవంబరు మొదట్లో తెరిస్తే ఒక మాట, సంక్రాంతికి తెరిస్తే ఒక మాట. హాస్టలు బిల్లు పాసయ్యేదాకా మేస్త్రి టెంపో ఆగదు. టెంపో కదిలిపోయాక హాస్టలు తెరిస్తే ఎవరికి?

మా మండలం గురించి బయటివాళ్ళకు తెలిసింది రెండు సంగతులు. ఒకటి వజ్రాలు. రెండోది ఎర్రగుడి బండలమీద ఉన్న అశోకుడి శాసనాలు. 1929లో అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త వాటిని గుర్తించాడు. పద్నాలుగు పెద్ద శాసనాలూ, చిన్న శాసనాలూ అక్కడ ఉన్నాయి. ఏటా మా పిల్లల్ని అక్కడికి తీసుకుపోయేవాణ్ణి. బ్రాహ్మీ లిపి, ప్రాకృత భాష. చిన్న శాసనంలో కొన్ని వరసలు ఎడమనుంచి కుడికి, కొన్ని కుడినుంచి ఎడమకు నడుస్తాయి, దుక్కి దున్నే ఎద్దు మళ్ళినట్టు. పిల్లలకు అదే పెద్ద వింత.

నాకు వింతగా ఉండేది ఎనిమిదో శాసనం. పూర్వం రాజులు వేటకు, వినోదానికి యాత్రలు పోయేవారట. తాను ఆ యాత్రలు మాని ధర్మయాత్రలు పట్టానని అశోకుడు చెప్పుకుంటాడు. ఆ యాత్రలో ఏం చేస్తాడు? శ్రమణులను, బ్రాహ్మణులను దర్శించి దానమిస్తాడు. ముసలివాళ్ళను దర్శించి బంగారం ఇస్తాడు. పల్లెల్లోని జనాన్ని దర్శించి ధర్మం గురించి మాట్లాడతాడు. అక్కడ వాడిన మాట దర్శనమే. మనం గుళ్ళో దేవుడికి వాడే మాటను ఆ రాజు ముసలివాళ్ళకు, పల్లె జనానికి వాడాడు. బంగారం తర్వాత, ముందు చూడడం. దాదాపు రెండువేల మూడు వందల ఏళ్ళనాటి ఆ రాత మా పొలాల గట్టున ఉంది. ఆ బండ పక్కనుంచే మావాళ్ళు మూటలెత్తుకొని టెంపో ఎక్కుతారు. గుంటూరు స్టేషనులో నేను నోటు తీశాను గానీ ఆ పిల్లను దర్శించలేదు.

వెనకటి రోజులంతా దయామయమని నేను చెప్పను. ముష్టి అంటే పిడికెడు. గడప దగ్గరికొచ్చిన మనిషికి పిడికెడు గింజలు వెయ్యడం మా ఇళ్ళలో నియమం, నిజమే. శనివారం గోపాళం ఎత్తే కుటుంబాల్లో కలిగినవాళ్ళ పిల్లలు కూడా నామం పెట్టుకొని నాలుగిళ్ళు అడుక్కొస్తారు. అడగడం అవమానం కాదని పిల్లలకు నేర్పిన మొక్కు అది. కానీ కులం చూసి గడప లోపల కొందరికి, బయట కొందరికి పెట్టిన చేతులూ ఆ కాలంవే. 1876, 78 మధ్య ధాతు కరువులో బళ్ళారి, కర్నూలు జిల్లాల జనం రోడ్లమీద పడ్డప్పుడు, తెల్లదొర రిచర్డ్ టెంపుల్ మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని తేల్చాడు. ఎక్కువిస్తే సోమరులవుతారని అప్పుడూ వాదించారు. దానికి పదేళ్ళ ముందు, 1866 కరువులో, అప్పటి కర్నూలు జిల్లా ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి వచ్చినవాడికల్లా గంజి కాచి పోయించాడు. ఇప్పటికీ ఆయన పేరు మా వైపు పాటల్లో ఉంది. టెంపుల్ పేరు మీద పాట లేదు.

మా ఊళ్ళను కూడా ఒక మాట అనకుండా వదలను. 2020 మార్చి 25న లాక్‌డౌన్ వచ్చినప్పుడు మిరప తోటల్లో మావాళ్ళు ఎందరో ఇరుక్కుపోయారు. రోడ్డుమీద నడిచేవాళ్ళకు దారిలో తెలియని ఊళ్ళవాళ్ళు పులిహోర పొట్లాలిచ్చారు, చెప్పులిచ్చారు. ఆ నెలన్నరా ఫుట్‌పాత్ మీది మనిషిని దేశం కూలీగానే చూసింది, బిచ్చగాడిగా చూడలేదు. తీరా వాళ్ళు ఊరి పొలిమేరకు వచ్చేసరికి, మా పల్లెల్లోనే కొన్నిచోట్ల దారికి ముళ్ళకంప అడ్డం వేశారు. రోగం తెస్తారని. తమ్ముడు కంపకు అవతల, అన్న ఇవతల. భయం మనిషి చూపును ఎంత తొందరగా తిప్పేస్తుందో పట్నంలోనే కాదు, మా ఊళ్ళోనూ చూశాను.

ఇక వజ్రాల సంగతి. తొలకరి పడిందంటే జొన్నగిరి, పగిడిరాయి, తుగ్గలి, పక్కన మద్దికెర మండలం పెరవలి వైపు ఎర్ర పొలాల్లో జనం కనబడతారు. వాన మన్నును కడిగితే రాయి పైకి తేలుతుందని ఆశ. గుంటూరు, ప్రకాశం, అనంతపురం, కడప జిల్లాల నుంచి వస్తారు, అటు బళ్ళారి నుంచీ వస్తారు. డబ్బున్నవాళ్ళు గుత్తిలోనో గుంతకల్లులోనో లాడ్జిలో దిగుతారు. లేనివాళ్ళు గుడి అరుగు మీద, బడి వరండాలో, చెట్టుకింద పడుకుంటారు. మూడు రాళ్ళు పెట్టి వండుకుంటారు. ఏళ్ళ తరబడి మా బడి వరండాలో వాళ్ళ మూటలు చూశాను. సట్టి, బొంత, పట్ట. తుగ్గలి స్టేషనులో చూసిన మూటలే.

విత్తనం వేసిన చేను తొక్కుతారని రైతు కేకలేస్తాడు గానీ, వాళ్ళను ఎవరూ బిచ్చగాళ్ళనరు, దిమ్మరులనరు. వజ్రం దొరకొచ్చు కదా. రేపు లక్షాధికారి కావచ్చు కదా. మట్టిలో కళ్ళు పెట్టుకొని వంగి తిరిగే ఆ మనిషికీ, హైదరాబాదు ఫ్లైఓవరు కింద పని కోసం కూర్చున్న మా మనిషికీ పడకలో తేడా లేదు, కూటిలో తేడా లేదు. మనం ఒకణ్ణి అదృష్టం వెతుక్కునేవాడంటాం, ఇంకొకణ్ణి ఊరు పాడుచేసేవాడంటాం.

మా వీధి చివర వేపచెట్టు కింద ఒక అవ్వ ఉంటుంది. వజ్రాల వేట రోజుల్లో కడవ నిండా నీళ్ళు పెట్టుకొని కూర్చుంటుంది. పోయిన ఏడాది తొలకరికి, మట్టి కొట్టుకున్న చేతులతో ఒక నడివయసు మనిషి, వెనక భార్య, దాహానికి వచ్చారు. అవ్వ చెంబు ముంచుతూ అడిగింది.

"ఏ ఊరప్పా మీది?"

"గుంటూరు పక్క పల్లె, అవ్వా."

అవ్వ చెయ్యి ఆగింది. "మా కొడుకూ కోడలూ మీ తట్టుకే పోతారప్పా మిరపకాయలకు. నిన్నగాక మొన్న తిరిగొచ్చినారు. మీ ఊరి నీళ్ళు చవుడంటనే, ఉప్పగుంటాయంటనే?"

"కొన్ని చోట్ల అంతే అవ్వా," అన్నాడు ఆయన. చెంబు చేతిలో పట్టుకొని తాగకుండా కాసేపు అట్లానే నిలబడ్డాడు. "మా పక్క చేలో ఏటా మీవాళ్ళు దిగుతారు. పట్టలేసుకొని ఉంటారు."

"ఎవరైనా పేరు తెలుసునా?" అంది అవ్వ.

ఆయన భార్యవైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"తెలీదు అవ్వా."

అవ్వ ఇంకేమీ అడగలేదు. ఆయన తాగాక ఖాళీ చెంబు తీసుకొని, మళ్ళీ ముంచి, ఈసారి ఆమెకిచ్చింది.